వేరియంట్ కవరు తెప్పించాలా వద్దా: గోదావరి జిల్లాల కామిక్స్ షాపులకి ఆర్డరు, రవాణా లెక్క

కాలేజీ కుర్రాడు ఫోనులో ఒక అమెరికా కామిక్ బొమ్మ చూపించి "ఇదే కవరుది వస్తుందాండీ?" అని అడుగుతాడు. షాపులో ఉన్నదీ అదే కథ, అదే సంచిక, అవే పేజీలు. అట్ట మీద బొమ్మ ఒక్కటే వేరు, దాన్నే వేరియంట్ కవరు అంటారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్ళలో పుస్తకాల షాపులో ఒక అర కామిక్స్‌కి వదిలినవాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎదురవుతోంది. తెప్పించాలా వద్దా, తెప్పిస్తే ఎవరి ద్వారా, ఏ దారిలో?

నా మాట ముందే చెప్పేస్తాను. మామూలు కాపీలు ఇన్ని కొంటేనే ఒకటి ఇచ్చే నిష్పత్తి వేరియంట్ల జోలికి ఒంటరిగా వెళ్ళకండి. ఎన్ని కావాలంటే అన్నే ఇచ్చే ఓపెన్ వేరియంట్లు మాత్రం పేరు రాయించుకున్నవాళ్ళ లెక్కన తెప్పించండి. పెట్టె వారానికొకటి వద్దు, నెలకొకటి చాలు. అదీ నలుగురు షాపులవాళ్ళు కలిసి.

ఓపెన్ వేరియంట్‌తో తలనొప్పి పెద్దగా లేదు. మామూలు కవరుని 'ఏ' అంటారు, మిగతావి బీ, సీ, డీ. బీ కవరు మూడు కాపీలు కావాలంటే మూడే పెట్టొచ్చు. దళసరి అట్టతో వచ్చేవాటికి సాధారణంగా ఒక డాలరు ఎక్కువ, అంతే. చిక్కంతా నిష్పత్తి వేరియంట్‌తోనే. 1:25 అని రాసి ఉంటే, మామూలు కవరువి 25 కాపీలు కొన్న షాపుకే ఆ వేరియంట్ ఒకటి కొనుక్కునే హక్కు వస్తుంది. 1:10, 1:50, 1:100 కూడా ఉంటాయి. దూడ ముద్దుగా ఉందని పాతిక గేదెల్ని తోలుకొచ్చినట్టు ఉంటుంది వ్యవహారం. గేదె అయినా పాలిస్తుంది, మిగిలిపోయిన కామిక్ ఏమీ ఇవ్వదు. విడి సంచికలు అమ్ముడుపోకపోతే డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకోడు. పైగా పుస్తకం బయటికి రావడానికి సుమారు మూడు నాలుగు వారాల ముందే ఆఖరి ఆర్డరు గడువు అయిపోతుంది. చదివినవాళ్ళు బాగుందంటారో బాగోలేదంటారో తెలియకముందే మన డబ్బు వెళ్ళిపోతుంది.

ఈ కవర్ల మోజు కొత్తదేమీ కాదు. 1986లో సూపర్‌మ్యాన్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్' మొదటి సంచిక రెండు కవర్లతో వచ్చింది. 1991లో 'ఎక్స్-మెన్' మొదటి సంచికకి ఐదు కవర్లు వేస్తే 80 లక్షల పైచిలుకు కాపీలు షాపులకి వెళ్ళాయి. రేపు లక్షలు పలుకుతాయని కట్టలు కట్టలుగా కొని దాచుకున్నారు. అందరి దగ్గరా ఉన్నదానికి ధరెక్కడిది? ఆ సంచిక ఇవాళ్టికీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఆ మోజు చల్లారాక అమెరికాలో ఎన్నో కామిక్స్ షాపులు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా పిటిషను వేసింది. "వేరియంట్ అంటే బంగారమండీ, కొని పెట్టుకోండి" అని కస్టమరుకి చెప్పి అమ్మకండి. బొమ్మ నచ్చితేనే కొనమనండి. ధర పడిపోయిన రోజున అతను వచ్చి అడిగేది మనల్నే.

కాగితం మీద వేసి చూద్దాం

లెక్క సులువుగా ఉండడానికి పుస్తకం మీద ధర 5 డాలర్లు, డాలరు 90 రూపాయలు అనుకుందాం. అంటే 450. మనకి 40 శాతం తగ్గింపు దొరికితే కొనుబడి 270. విమాన రవాణా కాపీకి 68 (ఈ 68 ఎలా వచ్చిందో కింద చెప్తాను). 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు, ఆ లెక్కన 17. హైదరాబాదు నుంచి మన ఊరికి తెచ్చుకునే ఖర్చు 5. మొత్తం 360కి కాపీ మన కౌంటరు మీదికి వచ్చింది. 450కి అమ్మితే 90 మిగులు.

ఇప్పుడు 1:25 వేరియంట్ కోసం 25 మామూలు కాపీలు, వేరియంట్‌తో కలిపి 26 తెప్పించామనుకోండి. పెట్టుబడి 9,360. మన ఊళ్ళో ఆ పుస్తకానికి నికరంగా తొమ్మిదిమంది ఉన్నారు, 4,050 వచ్చింది. ఇంకో ఎనిమిది కాపీల్ని ఏడాది పొడుగునా 200 చొప్పున వదిలించుకున్నాం, 1,600. ఎనిమిది అరలో ఉండిపోయాయి. వచ్చింది 5,650. ఇంకా 3,710 రావాలి. ఆ లోటంతా ఒక్క వేరియంట్ పూడ్చాలి, అప్పటికీ లాభం సున్నా. కొనేవాడి చేతిలోనూ ఫోనుంది. అదే కవరు అమెరికాలో 25 డాలర్లకి దొరుకుతోందని చూపించి 2,000కి బేరమాడతాడు. అప్పుడేమంటాం?

అదే పుస్తకానికి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు 20 మంది ఉంటే చూడండి. 9,000 వచ్చేసింది, వేరియంట్ మీద పడే భారం 360 మాత్రమే. 2,000కి అమ్మినా మనదే పైచేయి, ఐదు కాపీలు అరలో అదనం. కాబట్టి ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ నిష్పత్తి అడిగే కాపీల్లో నేను వేరియంట్ లేకపోయినా తెప్పించేవి ఎన్ని? ఐదింట నాలుగు వంతులు ఉంటే ముందుకెళ్ళండి. సగమే ఉంటే వదిలేయండి. నడిమధ్యలో ఉంటే, నాకైతే, ఆ నెలలో చేతిలో డబ్బు ఎంత ఆడుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. పంట డబ్బు, రొయ్యల డబ్బు బజారులోకి రాని నెలల్లో వద్దనే అంటాను.

ఎవరి ద్వారా తెప్పించాలి

అమెరికా డిస్ట్రిబ్యూటరు దగ్గర నేరుగా ఖాతా తెరవాలని చాలామందికి కోరిక. ఒకప్పుడైతే ఆలోచించొచ్చు. 1997 నుంచి ఇరవై ఏళ్ళకి పైగా దాదాపు అన్ని పెద్ద ప్రచురణల విడి సంచికలూ డైమండ్ అనే ఒక్క డిస్ట్రిబ్యూటరు ద్వారానే వచ్చేవి. 2020లో డీసీ ప్రచురణ సంస్థ బయటికొచ్చింది, ఇప్పుడు లూనార్ అనే డిస్ట్రిబ్యూటరు ద్వారా వస్తుంది. 2021 అక్టోబరు నుంచి మార్వెల్ పెంగ్విన్ ర్యాండమ్ హౌస్‌కి మారింది. 2023లో ఇమేజ్ అనే ప్రచురణ సంస్థ కూడా లూనార్ వైపు వెళ్ళింది. 2025 జనవరిలో డైమండ్ దివాలా రక్షణ కోరింది. ఫలితం ఏమిటంటే, ఒక్క పెట్టెలో వచ్చే సరుకు రెండు మూడు పెట్టెలైంది. ప్రతి పెట్టెకీ కనీస ఛార్జీ, క్లియరెన్సు ఖర్చు విడివిడిగా పడతాయి. ఇక్కడ దిగుమతి కోడ్ తీసుకోవాలి. దానికి ఫీజు 500 రూపాయలే, కానీ ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలు మళ్ళీ నిర్ధారించాలి. నెలకి వందల కాపీలు తిప్పే షాపుకి ఇది సరే. మన డెల్టాలో అంత తిప్పేవాళ్ళు ఉంటే ఈ వ్యాసం వాళ్ళకి అక్కర్లేదు.

దిల్లీ, ముంబై దిగుమతిదారులు గ్రాఫిక్ నవలలకి, సంకలనాలకి బాగా పనికొస్తారు. మిగిలినవి వెనక్కి తీసుకునే ఒప్పందం కూడా అడిగితే దొరకొచ్చు. విడి సంచికలు, అందులోనూ వేరియంట్లు వాళ్ళ దగ్గర ఆశించొద్దు.

మిగిలిందీ, నేను సిఫారసు చేసేదీ, హైదరాబాదులోనో బెంగళూరులోనో పెద్ద ఆర్డరు పెట్టే షాపు వెనక నిలబడడం. మన కాపీలు వాళ్ళ ఆర్డరులో కలుస్తాయి, పెట్టె వాళ్ళ దగ్గర దిగుతుంది, మన వాటా కట్ట మనకి వస్తుంది. కాపీకి పదో పరకో వాళ్ళకి ఇచ్చినా గిట్టుబాటే. దీంట్లో బయటికి కనపడని లాభం ఇంకోటి ఉంది. అంచులు నలిగినవి, కాపీలు తక్కువ వచ్చినవి డిస్ట్రిబ్యూటరుకి ఫిర్యాదు చేయడానికి గడువు రోజుల్లోనే ఉంటుంది. పెట్టె త్వరగా విప్పి ఫొటోలు తీసి పంపే మనిషి ఆ దారిలో ఎక్కడో ఒకచోట ఉండాలి. నెలకోసారి మన ఊరు చేరాక విప్పితే ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అయితే ఒక తిరకాసు. మన ఆరు కాపీలు కలవడం వల్ల వాళ్ళ లెక్క 25 దాటితే ఆ వేరియంట్ ఎవరిది? ముందు మాట్లాడుకోకపోతే అది కచ్చితంగా వాళ్ళ గల్లాపెట్టె పక్క అద్దాల అరలోకే వెళ్తుంది. వాట్సాప్‌లోనే అయినా సరే, రాతపూర్వకంగా రాయించుకోండి.

దీనికంటే మెరుగైంది మన జిల్లాల షాపులే జట్టుకట్టడం. కాకినాడ షాపు 8, రాజమండ్రి 10, భీమవరం 7 పెట్టాయనుకుందాం, 25 అయింది. ఎవరికి వాళ్ళు తాము అమ్ముకోగలిగినంతే పెట్టారు, అదనపు కాపీల బెడద లేదు. వచ్చిన ఒక్క వేరియంట్‌ని ఎలా పంచుకోవాలి? వంతులవారీగా తీసుకుంటే ఈ నెల వంతువాడికి మంచిది, వచ్చే నెలవాడికి చెత్తది వచ్చి గొడవ. లాటరీ తీస్తే ఎప్పుడూ ఒకడికే తగులుతోందనే అనుమానం. చీటీపాట తెలియని ఇల్లు మన దగ్గర లేదు కదా, అదే పద్ధతి పెట్టుకోండి. ముగ్గురూ పాట పాడతారు, ఎక్కువ పాడినవాడికి వేరియంట్. పాట డబ్బు కాపీల లెక్కన ముగ్గురికీ పంపకం. 1,500కి పాట నిలిచిందనుకోండి, కాకినాడకి 480, రాజమండ్రికి 600, భీమవరానికి 420. పాడినవాడు తన వాటా మినహాయించుకుని మిగతాది కడతాడు. కస్టమరు ముందే దొరికినవాడే ఎక్కువ పాడతాడు కాబట్టి వేరియంట్ సరైన ఊరికే చేరుతుంది.

మన దేశపు ప్రచురణకర్తల సంగతి కూడా చూడాలి. హిందీలో వచ్చే రాజ్ కామిక్స్ పాత సంచికల కలెక్టర్ ఎడిషన్లు, చిన్న ప్రచురణకర్తలు వేసే పరిమిత కవర్లు రూపాయల్లోనే దొరుకుతాయి. సుంకం లేదు, డాలరు బెడద లేదు, ముందస్తు బుకింగుకి స్టిక్కర్లో పోస్టరో ఉచితంగా ఇస్తారు. హిందీ చదివేవాళ్ళు మన దగ్గర తక్కువ కాబట్టి ఇంగ్లీషు కూర్పు ఉందో లేదో అడిగి తెప్పించండి. వేరియంట్ల వ్యాపారం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి చెయ్యి తిప్పుకోవడానికి ఇదే మంచి చోటు.

పెట్టె కొలతలు చూడకుండా డబ్బు కట్టొద్దు

విమాన కొరియరువాళ్ళు బరువు ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. ఆ అంకె, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ. విడి సంచిక ఒకటి సుమారు 65 గ్రాములు. 60 కాపీలంటే 4 కిలోల లోపే. వాటిని 45, 30, 25 కొలతల పెద్ద పెట్టెలో పెట్టి చుట్టూ గాలి సంచులు నింపి పంపిస్తే 6.75 వస్తుంది, 7 కిలోలకి బిల్లు వేస్తారు. అవే కాపీల్ని రెండు గట్టి అట్టల మధ్య కట్టి, 30, 20, 20 పెట్టెలో బిగుతుగా పెడితే ఆ అంకె 2.4 మాత్రమే. అప్పుడు ప్యాకింగుతో కలిపి అసలు బరువు నాలుగున్నర కిలోలకే కడతాం. కిలో 900 అనుకుంటే ఒకచోట 6,300, ఇంకోచోట 4,050. కాపీకి 105కి, 68కి తేడా పెట్టెలోనే ఉంది. 105 అయితే పైన చెప్పిన 90 మిగులు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి డాలరు రేటు గురించి బాధపడే ముందు పెట్టె కొలతలు అడగండి.

ఆ 900లో పన్ను కూడా కలిపే చెప్పాను, ఎందుకంటే అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు గానీ కొరియరు సేవ మీద 18 శాతం ఉంది. మనం అమ్మే సరుకు మీద పన్ను లేదు కాబట్టి రవాణా మీద కట్టిన పన్నుని తిరిగి సర్దుకునే వీలు ఉండదు. బిస్కెట్లు అమ్మే పక్క షాపాయన "ఇన్‌పుట్ తీసుకోండి" అని సలహా ఇస్తాడు, మనకి వర్తించదు.

వారం వారం తెప్పించాలా, నెలకోసారా? మొదటి అరకిలోకి ఛార్జీ ఎక్కువ, తర్వాత తగ్గుతూ వస్తుంది. నాలుగు చిన్న పెట్టెలు పెడితే ఆ మొదటి మెట్టు నాలుగుసార్లు ఎక్కుతాం. వారం వారం తెస్తే అమెరికాలో విడుదలైన ఊపులోనే మనదీ వస్తుందని వాదన. ఎంత పరిగెత్తినా మనకి రెండు వారాలు వెనకే, తొందరున్నవాడు ఈలోపు ఫోనులో చదివేస్తాడు. మన దగ్గరికి వచ్చేవాడు పుస్తకం చేతిలో పట్టుకోవాలని వచ్చేవాడు, ఆగుతాడు. వేగానికి డబ్బు పెట్టాల్సింది నిష్పత్తి వేరియంట్‌కి మాత్రమే, విడుదలైన కొద్ది వారాల్లోనే వాటి ధర చల్లబడుతుంది కాబట్టి. ఆ వేగం ఖర్చు కూడా కలిపి గిట్టకపోతే ఆ వేరియంటే వద్దు. ఓడ మీద తెప్పించడం మన సంఖ్యలకి అనవసరం.

హైదరాబాదు, విజయవాడ నుంచి ఇంటి దాకా

ఒకటి రెండు పెట్టెలకి ఆర్టీసీ కార్గో బాగుంటుంది. రాత్రి వేస్తే పొద్దున్నే బస్టాండులో తీసుకోవచ్చు. జట్టు పెట్టె రాజమండ్రిలో దిగితే అక్కడి నుంచి కాకినాడకీ, భీమవరానికీ, రావులపాలెం మీదుగా అమలాపురానికీ బస్సు పార్శిలు దొరుకుతుంది. కోనసీమకి ఇంకా రైలు లేదు, రైల్వే పార్శిలు లెక్కలో పెట్టుకోవద్దు. స్కూలు పుస్తకాలు, స్టేషనరీ ఎలాగూ నవత లాంటి ట్రాన్స్‌పోర్టులో వస్తుంటే కామిక్స్ కట్ట దాంట్లోనే వేయించేయండి, విడిగా ఖర్చు పడదు. కాకపోతే నోటుపుస్తకాల బండిల్ దాని మీద పడకుండా చూడమని చెప్పాలి. జులై నుంచి నవంబరు దాకా ఏ దారిలో వచ్చినా అట్టపెట్టె లోపల పాలిథిన్ సంచి తప్పనిసరి. పెట్టె పైన చుట్టిన కవరు దింపేటప్పుడే చిరుగుతుంది.

అమ్ముడుపోని కాపీలు మన దగ్గర పొడి ఊళ్ళకంటే త్వరగా పాడవుతాయని కూడా లెక్కలో వేసుకోండి. వానాకాలం గాలికి అట్ట అలలు తేలుతుంది, పిన్నులు తుప్పు పడతాయి. పాలీప్రొపిలీన్ సంచి, ఆమ్లం లేని అట్ట, గోడకి ఎడంగా ఇనుప ర్యాకు, అడుగు అర ఖాళీ. కాపీకి ఈ ఖర్చు కూడా ఉంది.

కస్టమరుకి ఇంటికి పంపాలంటే పోస్టు. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు సేవ 2024 డిసెంబరులో ఆపేశారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం. చవకే. కానీ ప్రకటనలు ఉన్నవీ, నెలనెలా వచ్చే పత్రికల లాంటివీ దాంట్లో కుదరవు. అమెరికా విడి సంచిక వెనకట్ట మీదే ప్రకటన ఉంటుంది, కౌంటరులో వద్దంటే వాదించే పని లేదు. అమర్ చిత్ర కథ సంపుటాల లాంటివి దాంట్లో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి విడి సంచికలకి స్పీడ్ పోస్టో కొరియరో తీసుకోవాలి, ఆ ఖర్చు కస్టమరుకి ముందే చెప్పాలి.

అడ్వాన్సు ఎంత?

"ఆయ్, ఉంచండి, పండక్కి వచ్చి తీసుకుంటాను" అన్న మాటని బుకింగుగా రాసుకోవద్దు. మామూలు కవరుకి సగం, ఓపెన్ వేరియంట్‌కి సగం, నిష్పత్తి వేరియంట్‌కి పూర్తి డబ్బు. మొహమాటం అక్కర్లేదు, ఇక్కడ పెళ్ళి ఫొటోలవాడూ వంటవాళ్ళూ అడ్వాన్సు లేకుండా కదలరు. పూర్తి డబ్బు తీసుకున్నప్పుడు ఒక మాట చీటీ మీద రాయండి: ముద్రణ తగ్గి వేరియంట్ రాకపోతే డబ్బు వాపసు, దానికి బదులు వేరే కవరు అంటగట్టం.

పండగ మాట ఉత్తదేం కాదు. హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాలవాళ్ళు సంక్రాంతికి ఊళ్ళోకి దిగితే వేరియంట్ కొనే చేతులు ఏడాదంతా కంటే ఎక్కువగా కనపడేది అప్పుడే. ఆ వారానికి సరుకు కావాలంటే నవంబరులో విడుదలయ్యే సంచికల మీద గురిపెట్టాలి. వాటి ఆఖరి ఆర్డరు గడువులు అక్టోబరులోనే పడతాయి. డిసెంబరు మొదట్లో నెల పెట్టె బయల్దేరితే కస్టమ్స్‌లో ఒక వారం ఆలస్యమైనా భోగి ముందే అరలో ఉంటుంది. డిసెంబరు విడుదలల్ని నమ్ముకుంటే కనుమ వెళ్ళిపోయాక వస్తాయి, అప్పటికి కొనేవాళ్ళంతా బస్సెక్కేసి ఉంటారు. అందుకని జట్టులో ఉన్నవాళ్ళు దసరా రోజుల్లోనే ఒకసారి ఫోనులో మాట్లాడుకుని, ఎవరి దగ్గర ఎన్ని పేర్లు రాసి ఉన్నాయో, ఎంత అడ్వాన్సు వచ్చిందో ఒకే షీటులో వేసి, ఆ అంకెలతోనే హైదరాబాదు షాపుకి ఆర్డరు పంపండి.